సన్నాయికి తగిన హెడ్‌ఫోను

గరివిపేట శ్రవణ భాండాగారంలో ఇరవై నాలుగేళ్లుగా ఎవరు ఏం వినాలన్నా బొంతు పైడితల్లమ్మ చేతి మీదుగానే వినాలి. ఆవిడ హోదా రికార్డు అసిస్టెంటు. పని మాత్రం బీరువా తాళం తీయడం, టేపు దుమ్ము తుడవడం, యంత్రానికి ఎక్కించడం, విన్నవాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుంటే గ్లాసుతో మంచినీళ్లివ్వడం. నలభై యాభై ఏళ్ల కిందట ఎవరో పెద్దలు పల్లెపల్లెకూ తిరిగి పట్టి తెచ్చిన హరికథలు, పద్యాలు, దంపుడు పాటలు, సన్నాయి మేళాలు మూడు వేల పైచిలుకు టేపులు ఆ బీరువాల్లో ఉన్నాయి. వచ్చినవాళ్లంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుని యంత్రంలోంచి వచ్చేది కలిసి వినేవారు. వీణ కోసం వచ్చినాయన తన వంతు వచ్చేలోపు పక్కాయన హరికథ కూడా వినేసి వెళ్లేవాడు. ఇందులో ఎవరికీ నష్టం కనిపించలేదు.

కనిపించినాయన ఒకడు బయల్దేరాడు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. తాను పద్యాలు వినడానికి వస్తే అడక్కుండానే నాట్లేసేవాళ్ల ఊడుపు పాటలు చెవిన పడుతున్నాయనీ, ఇది శ్రోత హక్కులకు భంగమనీ ఒక కార్డు ముక్క మీద నాలుగు లైన్లు రాసి పైకి పంపాడు. రాజధానిలోని ధ్వని సంపద సంచాలకుల కార్యాలయం ఆ నాలుగు లైన్లకూ పదకొండు పేజీల సర్క్యులర్‌తో జవాబిచ్చింది.

"ఒక శ్రోతకు ఉద్దేశింపబడిన సంగీతము అన్య శ్రోతకు చేరుటను నివారింపవలెను. అందులకై వెనుక భాగము మూయబడినట్టియు, చేతిసంచిలో ఇముడునట్టియు హెడ్‌ఫోనులను తులనాత్మక పరీక్షకు గురిచేసి, ఏ సంగీత ప్రక్రియకు ఏ హెడ్‌ఫోను తగునో నిర్ధారింపవలెను. నిర్ధారణ పూర్తియగు వరకు సమస్త శ్రవణమును నిలుపుదల చేయవలెను."

ఎక్కడికైనా పట్టుకుపోగల హెడ్‌ఫోన్లు కాబట్టి ఎవరూ పట్టుకుపోకుండా వాటిని బల్లకు గొలుసులతో బిగించాలని ఆఖరి పేజీలో ఇంకో అంశం కూడా ఉంది.

ఒకటో తారీకున ఉపసంచాలకులు మండపాక విశ్వపతి గారు స్వయంగా వచ్చి బీరువాలన్నిటికీ లక్క సీలు వేశారు. ఆయన మంచివాడు. ఎవరి చేతి కాఫీ కూడా తాగడు. తూనికలు కొలతల శాఖలో పద్దెనిమిదేళ్లు చేసి ఈ శాఖకు బదిలీ మీద వచ్చాడు. ఆయనతో ఉన్న చిక్కల్లా కాగితం మీద రాసి ఉన్నదాన్ని నిజంగా చేసేద్దామని చూడడమే.

మూడో తారీకున తవిటయ్య వచ్చాడు. డెబ్బై ఒక్కేళ్ల సన్నాయి మనిషి. గుడ్డసంచిలో సన్నాయి పెట్టుకుని తిరుగుతాడు. చుట్టుపక్కల ముప్పై ఊళ్ల పెళ్లిళ్లు ఆయన ఊపిరి మీద జరిగాయి.

"తల్లీ, మా గురువు గారి టేపు ఒకటి ఉండాల. గంప మేళం. ఒక్కపాలి ఇనిపించు" అన్నాడు.

పైడితల్లమ్మకు ఆ టేపు తెలుసు. పెళ్లికూతుర్ని మేనమామ గంపలో కూర్చోబెట్టుకుని మండపానికి తెస్తున్నప్పుడు ఊదేది. ఆనందభైరవిలో తాపీగా మొదలై, ఉన్నట్టుండి ఊడుపు పాట వరసలోకి దిగుతుంది. ఎక్కడ దిగిందో తెలియదు. రాగం వింటున్నామనుకుంటూనే ఉంటాం, చూస్తే చేలో ఉంటాం.

"ఏమైంది బాబాయ్? మీకు రానిదా?"

"మొదలొచ్చును. సివరొచ్చును. నడుమ పోనాది" అన్నాడు తవిటయ్య. "మొన్న జరం తగిలి లెగిసినాక సూస్తే, రాగంలోంచి పాటలోకి దిగే మెట్టు కనపడ్డం నేదు. నాతో ఊదినోళ్లు ముగ్గురూ పోనారు. అడగడానికి మనిసి నేడు. పద్దెనిమిదో తారీకున గురువు గారి ఆకరి మనవరాలి పెళ్లి. మా ఇంటి ఆడపిల్ల గంపలో కూకున్నప్పుడు నువ్వే ఊదాలని పోయేముందు నా సెయ్యట్టుకుని మాట తీసుకున్నాడు. నలుగురికి ఊదినాను. దీనికి నడుమ ఒగ్గీసి ఎలా ఊదను?"

పైడితల్లమ్మ బీరువా మీది లక్క ముద్ర వంక చూసింది. ఇరవై నాలుగేళ్లలో మొదటిసారి ఒక మనిషిని వినిపించకుండా తిప్పి పంపింది.

ఆరో తారీకున హెడ్‌ఫోన్లు దిగాయి. ఆరు రకాలు. కంపెనీ పేరు కనబడితే పక్షపాతం వస్తుందని పేర్ల మీద నల్ల కాగితం అంటించి అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ అని రాశారు. పరీక్షకు సిద్ధం చేసే పని పైడితల్లమ్మదే కాబట్టి రకానికొకటి చొప్పున నమూనా టేపులు ఆవిడ చేతికిచ్చారు. ఆవిడ ఒక్కొక్కదాన్నీ తుడుస్తూ, చెవులకు పెట్టుకుని చూసింది.

'అ' కి మంద్ర స్థాయి శబ్దం జాస్తి. డప్పు, డోలు అందులో వింటే గుండెల మీద కొట్టినట్టుంది. వీణ మాత్రం దుప్పటి కింద వాయించినట్టుంది. 'ఆ' లో వీణ తీగ మీద గోరు తగలడం కూడా వినబడింది. గాత్రమైతే గాయకుడు ఊపిరి ఎక్కడ పీల్చాడో చెప్పొచ్చు. కానీ డప్పు పెడితే అట్టపెట్టె మీద కొట్టినట్టే. 'ఇ' హరికథకు బాగుంది, మాట మాటా విడిగా తెలిసింది. 'ఈ' ఏదైనా ఒకేలా వినిపిస్తుంది, పెళ్లి భోజనంలో కూరలన్నీ కలిపేసినట్టు. 'ఉ' తలను పట్టకారులా పట్టుకుంది. లాలిపాట వింటుంటే కణతలు నొప్పెట్టాయి. ఇక 'ఊ' లో ఏమీ వినబడలేదు. లోపల తీగ ఎక్కడో తెగింది.

ఇదంతా ఆవిడ ఓ తెల్లకాగితం మీద శుభ్రంగా రాసి విశ్వపతి గారికిచ్చింది. ఆయన శ్రద్ధగా రెండుసార్లు చదివాడు.

"చాలా బాగుందమ్మా. కానీ ఇది అభిప్రాయం. అభిప్రాయం మీద అభ్యంతరం వస్తుంది. నమూనా పత్రంలో నాలుగే గడులున్నాయి. బరువు, మడిచినప్పటి పొడవు, సంచిలో ఇమిడెనా లేదా, శబ్దం బయటకు లీకగుట. ఎలా వినిపిస్తుంది అన్న గడి లేదు."

"ఊ అసలు పనిచెయ్యట్లేదు సార్."

"అది తయారీదారు సంగతి. మనది తులనాత్మక పరీక్ష."

పరీక్ష ఎనిమిదిన జరిగింది. సంఘంలో ముగ్గురు. విశ్వపతి గారు, విద్యుత్ శాఖ ఇంజనీరు లోకనాథం, ఎనభై ఏళ్ల విశ్రాంత వీణ ఉపాధ్యాయిని సుభద్రాయమ్మ గారు. పద్ధతి విశ్వపతి గారే కనిపెట్టాడు. ఒకరు హెడ్‌ఫోను పెట్టుకుని కుర్చీలో కూర్చుంటారు. మిగతావాళ్లు మొదట జానెడు దూరంలోనూ, తర్వాత మూరెడు దూరంలోనూ, తర్వాత బారెడు దూరంలోనూ చెవి ఒగ్గి నిలబడి, తమకేమీ వినబడలేదని సంతకం చేస్తారు. వాళ్లకు వినబడకపోతే మార్కులు. ఎంత తక్కువ వినబడితే అన్ని ఎక్కువ మార్కులు.

కుర్చీలో లోకనాథాన్ని కూర్చోబెట్టారు. అన్నిటికంటే బిగ్గర వాద్యం కాబట్టి సన్నాయితో మొదలుపెట్టారు. 'అ' లోంచి మూరెడు దాకా చప్పుడు వచ్చింది. 'ఆ' లోంచి జానెడు. సుభద్రాయమ్మ గారు లోకనాథం చెవి దగ్గర చెవి పెట్టి వింటూ తల ఊపారు. తల ఊపడం లీకుకు సాక్ష్యమని విశ్వపతి గారు రాసుకున్నాడు. చివరికి 'ఊ' వచ్చింది. జానెడులో లేదు. మూరెడులో లేదు. లోకనాథం భుజం మీద తల ఆనించి విన్నా లేదు.

"సార్, నాక్కూడా" అని లోకనాథం ఏదో అనబోయాడు.

"మీరు మాట్లాడకండి. ఈ పరీక్షలో మీరు సాధనం. సాధనం అభిప్రాయం చెప్పకూడదు" అన్నాడు విశ్వపతి గారు.

పన్నెండో తారీకున ఫలితాల పట్టిక గోడకెక్కింది. శాస్త్రీయ రాగాలకు ఆ. జానపదానికి అ. హరికథకు ఇ. పద్యాలకు ఈ. లాలిపాటలకు ఉ. సన్నాయి మేళాలకు, నూటికి నూరు మార్కులతో, ఊ. పరీక్ష ఎంత వింతగా చేసినా మొదటి మూడూ ఉండాల్సిన చోటే పడడం చూసి పైడితల్లమ్మ ఆశ్చర్యపోయింది. గడియారం ఆగిపోయినా రోజుకు రెండుసార్లు సరైన టైమే చూపిస్తుంది కదా అనుకుంది.

ఆ సాయంత్రమే తవిటయ్యను పిలిపించారు. నిర్ధారణ తర్వాత మొదటి శ్రవణం ఆయనదే. తానమాడి, ఇస్త్రీ పంచె కట్టుకుని, తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. విశ్వపతి గారు తన చేతులతో ఆయన చెవులకు 'ఊ' తగిలించి, గొలుసు సరిచేసి, యంత్రం మీట నొక్కాడు. తవిటయ్య చేతులు జోడించి కళ్లు మూసుకున్నాడు. చక్రాలు తిరిగాయి. ఆరు నిమిషాలు గడిచాయి. చక్రాలు ఆగాయి.

"మొదలెట్టనేదా బాబూ?" అన్నాడు తవిటయ్య కళ్లు తెరవకుండా.

"పూర్తయింది కూడా. ఒక్క పిసరు బయటకు రాలేదు. ఈ జిల్లాలో ఇంత నిర్దుష్టమైన శ్రవణం ఇదివరకెన్నడూ జరగలేదు."

"లోపలికీ రానేదండి."

విశ్వపతి గారు నమూనా పత్రం తిప్పి చూశాడు. లోపలికి అన్న గడి లేదు. అయినా ఆయన మనసు నొచ్చుకుంది. "ఇంకోసారి పెట్టమంటారా?" అని అడిగాడు నిజంగా. తవిటయ్య వద్దన్నాడు. తలపాగా చుట్టుకోవడం కూడా మర్చిపోయి మెట్లు దిగి వెళ్లాడు.

పైడితల్లమ్మకు ఒళ్లు మండింది. మండిన ఒంటితోనే కూర్చుని ఆఫీసు నోటు రాసింది. రూలును రూలుతోనే కొట్టాలని ఆవిడకు ఇన్నేళ్ల కొలువు నేర్పింది. 'సదరు టేపు కేవలము సన్నాయి ప్రక్రియకు చెందినది కాదు. ఆనందభైరవి రాగముతో మొదలై ఊడుపు పాటగా మారుచున్నందున మిశ్రమ ప్రక్రియగా పరిగణించి, 'ఊ' నుండి మినహాయింపు ఇవ్వవలెనని మనవి.'

విశ్వపతి గారి ముఖం వెలిగిపోయింది. మర్నాడే సంఘాన్ని సమావేశపరిచాడు.

"రాగం ఉంది కాబట్టి శాస్త్రీయమే. ఆ పెట్టండి" అన్నారు సుభద్రాయమ్మ గారు.

"మా అమ్మ ఇదే పాట పాడుకుంటూ నాట్లు వేసేదండి. జానపదం. అ పెట్టాలి" అన్నాడు లోకనాథం. ఈసారి సాధనం కాదు కాబట్టి ధైర్యంగానే అన్నాడు.

రెండు రోజులు కూర్చున్నారు. పదిహేనున తీర్మానం వచ్చింది. "మొదటి మూడు నిమిషముల పది సెకనులు రాగము గనుక 'ఆ' ధరింపజేయవలెను. మూడు నిమిషముల యాభై సెకనుల నుండి పాట గనుక 'అ' ధరింపజేయవలెను. నడుమ గల నలభై సెకనులు రాగమో పాటయో నిర్ధారణ కానందున, ఆ వ్యవధిలో శ్రోత చెవులను ఖాళీగా ఉంచి, సదరు వ్యవధిని హెడ్‌ఫోను మార్పిడికి వినియోగించవలెను. తీసిన హెడ్‌ఫోను వైరును మడతలు లేకుండా చుట్టిన పిదపనే రెండవది తగిలింపవలెను."

పైడితల్లమ్మ రెండుసార్లు చదివి కాగితం బల్ల మీద పెట్టింది.

"సార్, ఆయనకు కావలసింది ఆ నలభై సెకన్లే."

విశ్వపతి గారు నిజంగానే బాధపడ్డాడు. "అయ్యో. ముందే చెబితే ఆ నలభై సెకన్లకు ఏడో రకం తెప్పించేవాణ్ణి కదమ్మా. ఇప్పుడు ఇండెంటు పెట్టినా నాలుగు నెలలు పడుతుంది."

"పెళ్లి ఎల్లుండి కాదు, ఆ మర్నాడు సార్."

"పెళ్లి వాయిదా వేయించే అధికారం మన శాఖకు లేదు" అన్నాడాయన విచారంగా.

మర్నాడు పొద్దున యంత్రం తుడుస్తూ ఉండగా పైడితల్లమ్మ చెయ్యి హెడ్‌ఫోను వైరు మీద ఆగింది. తర్వాత తీర్మానం తీసి, మార్పిడి గురించి రాసిన వాక్యాలను వేలు పెట్టి మరోసారి చదివింది. చదివి, సాయంత్రం నాలుగింటికి రమ్మనీ, సన్నాయి తప్పకుండా తెచ్చుకోమనీ తవిటయ్యకు కబురు పెట్టింది.

నాలుగింటికి సంఘమంతా హాజరైంది. మార్పిడితో కూడిన శ్రవణం రాష్ట్రంలో ఇదే మొదటిది. తవిటయ్య వచ్చి కూర్చున్నాడు కానీ ఈసారి చేతులు జోడించలేదు. పైడితల్లమ్మ ఆయన చెవులకు 'ఆ' తగిలించి మీట నొక్కింది. ఆయన ముఖం మారింది. గురువు ఊపిరి పీల్చడం కూడా వినబడి ఉంటుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. గదిలో మాత్రం ఏ చప్పుడూ లేదు. మూడు నిమిషాల పది సెకన్లకు విశ్వపతి గారు గడియారం చూసి చెయ్యి ఎత్తాడు. పైడితల్లమ్మ తవిటయ్య చెవులను ఖాళీ చేసి, యంత్రంలోంచి వైరు పీకింది.

ఆ యంత్రం పాతది. వైరు తగిలిస్తే హెడ్‌ఫోనులో పాడుతుంది, పీకేస్తే తన ముందు జాలీలోంచి తానే పాడుతుంది. సర్క్యులర్ వచ్చేదాకా ఇరవై నాలుగేళ్లూ అది చేసిన పని అదే.

గది నిండిపోయింది. ఆనందభైరవి ఒక చోట నిలబడి, అటూ ఇటూ చూసుకుని, చీరె కుచ్చెళ్లు పైకి దోపుకున్నట్టుగా మెల్లిగా నీళ్లలోకి దిగింది. తవిటయ్య ఒక్కసారిగా నిటారయ్యాడు. పైడితల్లమ్మ వైరు చుడుతోంది. మడత పడితే విప్పి మళ్లీ చుడుతోంది. నలభై సెకన్లు దాటిపోయి ఊడుపు పాట వచ్చేసింది.

"లీకు" అన్నాడు విశ్వపతి గారు, పెన్ను తీస్తూ.

"మార్పిడి ఆలస్యమైంది సార్. తీర్మానం ప్రకారం పాట మొదలయ్యేలోపు రెండోది తగలాలి. మళ్లీ చెయ్యాలి" అని ఆవిడ టేపు వెనక్కి తిప్పింది.

రెండోసారి కూడా వైరు మడత పడింది. తవిటయ్య సంచిలోంచి సన్నాయి తీసి, ఊదకుండా, రంధ్రాల మీద వేళ్లు మాత్రం ఆడించసాగాడు. మూడోసారి కిటికీ దగ్గర మనుషులు చేరారు. టీ కొట్టు మనిషి గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సుభద్రాయమ్మ గారు కళ్లు మూసుకున్నారు. లోకనాథం ముక్కు చీదుకున్నాడు.

మూడోసారి అయ్యాక పైడితల్లమ్మ రెండో హెడ్‌ఫోను చేతిలోకి తీసుకుంది. చాలనుకుంది. తవిటయ్య చిటికెన వేలు మాత్రం ఒక చోట ఇంకా తడబడుతోంది.

"ఆగమ్మా" అన్నాడు విశ్వపతి గారు. ఆయన కుడిచెయ్యి ఫైలు అట్ట మీద తాళం వేస్తోంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. "మార్పిడి ఇంకా సంతృప్తికరంగా లేదు. మరొక్కసారి."

నాలుగోసారి తవిటయ్య యంత్రంతో పాటు తానూ ఊదాడు. గురువూ శిష్యుడూ ఒకే మెట్టు మీద కాలుపెట్టి దిగారు. పైడితల్లమ్మ ఇక ఏడుపు ఆపుకోలేదు. ఆపుకోవాలని అనిపించలేదు కూడా.

విశ్వపతి గారు నిజాయితీపరుడు. ఆ రాత్రికే నివేదిక పంపాడు. నలభై సెకన్ల పైచిలుకు చొప్పున నాలుగుసార్లు లీకు అని అందులో ఉన్నదున్నట్టు రాశాడు. ఇరవయ్యో తారీకున రాజధాని నుంచి రికార్డు అసిస్టెంటు పేర మెమో వచ్చింది. "తవిటయ్య అను శ్రోతకు ఉద్దేశింపబడిన సంగీతము అన్యులకు చేరినట్లు తెలియవచ్చినది. అట్లు అనధికారముగా విన్నవారి పేర్ల జాబితాను మూడు దినములలో సమర్పింపవలెను."

పైడితల్లమ్మ జవాబు రాసింది. విశ్వపతి గారు దాన్ని చదివి, ఒక్క అక్షరం మార్చకుండా, సిఫారసు చేయడమైనదని కింద సంతకం పెట్టి పంపాడు.

"మెమోకు సమాధానముగా మనవి. పదహారవ తేదీన విన్నవారు: శ్రీమతి సుభద్రాయమ్మ, శ్రీ లోకనాథం, టీ కొట్టు నడుపు శ్రీ గౌరునాయుడు, కిటికీ వద్ద పదకొండు మంది, ఉపసంచాలకులు శ్రీ విశ్వపతి గారు, నేను. తదుపరి పద్దెనిమిదవ తేదీన, వధువును గంపలో తెచ్చు సమయమున, సదరు నలభై సెకనులు శ్రీ తవిటయ్య గారి నుండి మరల లీకైనవి. ఒక్కచోట కూడా తడబడలేదు. అచ్చట విన్నవారు సుమారు నాలుగు వందల మంది. వారిలో సన్నాయి నేర్చుకొనుచున్నవారు ఇద్దరు ఉన్నందున ఈ లీకు ఇకముందు కూడా కొనసాగు సూచనలు కలవు. పేర్లు సేకరించుచున్నాను. ఆఫీసులో ఉన్న కాగితములు చాలవు. దయచేసి రెండు దస్తాలు పంపగలరు."